ఎస్‌బీఐ తొలి మహిళా ఛైర్మన్ అరుంధతి భట్టాచార్య: మన ఎస్‌బీహెచ్ వాళ్లు ఆమెను ఎలా చూడాలి?

చిక్కడపల్లి_పీవో | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను బ్యాంక్ పీవో పరీక్షకు చదువుతున్నాను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర కోచింగ్. ఈ వారం గ్రూప్ డిస్కషన్‌కి మా సార్ ఇచ్చిన టాపిక్ అరుంధతి భట్టాచార్య కెరీర్. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే కథ: ఇంగ్లిష్ సాహిత్యం చదివిన అమ్మాయి 1977లో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరి, 36 ఏళ్లకు 2013 అక్టోబర్‌లో 200 ఏళ్ల చరిత్ర ఉన్న బ్యాంకుకు ఛైర్మన్ అయింది. చదవడానికి బాగుంది. కానీ మా బాబాయి దగ్గర ఆమె పేరెత్తితే చాలు, "మన బ్యాంకు బోర్డు పీకించింది ఆవిడేగా" అని మొదలుపెడతాడు. ఆయనకు ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) అంటే ప్రాణం.

పొగడ్తలు నాకు దొరికాయి. మిగతాది మీరు చెప్పండి. బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు ఈ వేదికలో చాలామంది ఉన్నారని తెలుసు.

---

గన్‌ఫౌండ్రీ_రిటైర్డ్ | సోమవారం, రాత్రి 9:50

అమ్మా, మీ బాబాయి గారికి నా నమస్కారం చెప్పు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. నేను ఎస్‌బీహెచ్‌లో ఆఫీసర్‌గా రిటైర్ అయినవాణ్ణి.

ఈ తరం పిల్లలకు ఆ బ్యాంకు ఏమిటో తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. 1941లో నిజాం ప్రభుత్వం హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ పేరుతో దీన్ని పెట్టింది. మనకు అప్పట్లో సొంత కరెన్సీ ఉండేది, ఉస్మానియా సిక్కా. దాని నిర్వహణ, సంస్థానం అప్పుల వ్యవహారం ఈ బ్యాంకు చూసేది. 1942 ఏప్రిల్‌లో గన్‌ఫౌండ్రీలో తొలి బ్రాంచి తెరిచారు. 1956లో రిజర్వ్ బ్యాంకు చేతికి వచ్చి పేరు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959 చట్టంతో ఎస్‌బీఐకి అనుబంధ బ్యాంకు అయింది. పాత హైదరాబాద్ రాష్ట్రం ఎంతవరకు ఉండేదో అంతవరకు, అంటే మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా, రాయచూరు దాకా మా బ్రాంచిలు ఉండేవి. రాష్ట్రం మూడు ముక్కలై మూడు రాష్ట్రాల్లో కలిసిపోయినా, ఆ పాత సరిహద్దు బతికి ఉన్న చోటు మా బ్రాంచిల జాబితా ఒక్కటే అనిపించేది.

అలాంటి బ్యాంకు 2017 మార్చి 31 సాయంత్రం కౌంటర్ మూసేసరికి చరిత్రలో కలిసింది. మర్నాడు ఏప్రిల్ 1. జోక్ అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఎస్‌బీహెచ్‌వై అని మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు ఎస్‌బీఐఎన్ అయ్యాయి, చెక్కుబుక్కులు మారాయి, బోర్డులు దిగాయి. అప్పుడు ఛైర్మన్ సీట్లో ఉన్నది ఈవిడే. అసలు ఆవిడ మూడేళ్ల పదవీకాలం 2016లోనే ముగియాలి. ఈ విలీనం పూర్తయ్యేదాకా ఉండమని ప్రభుత్వం ఇంకో ఏడాది పొడిగించింది. కాబట్టి ఆమెకు సంబంధం లేదని ఎవరూ అనలేరు.

---

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 10:31

పెద్దాయన ఆవేదన సరే. కానీ విలీనం ఆవిడ సొంత ఆలోచన అన్నట్టు రాస్తే తప్పుదారి పట్టించినట్టే. అనుబంధ బ్యాంకులను కలపడం 2008లో సౌరాష్ట్రతో మొదలైంది, 2010లో ఇండోర్ కలిసింది. మిగిలిన అయిదూ (బికనీర్ అండ్ జైపూర్, హైదరాబాద్, మైసూర్, పటియాలా, ట్రావెన్‌కోర్) ఎప్పటికైనా కలిసేవే. ఇందులో హైదరాబాద్, పటియాలా బ్యాంకుల వాటా మొత్తం ఎస్‌బీఐదే. షేర్ మార్కెట్లో లిస్ట్ కూడా కాలేదు. బయటి వాటాదారు అంటూ లేని బ్యాంకు విషయంలో అడ్డుపడేది ఎవరు? యూనియన్లు. అవి అడ్డుపడ్డాయి. 2016 జులై 29న దేశమంతా బ్యాంకు సమ్మె జరిగింది, అందులో ఇదొక డిమాండు. కేరళ శాసనసభ అయితే ట్రావెన్‌కోర్ బ్యాంకు కోసం ఏకంగా తీర్మానమే చేసింది.

మన దగ్గర అంత గొడవ ఎందుకు జరగలేదు అన్నది ఎవరైనా ఆలోచించారా? 2014 నుంచి 2017 దాకా ఇక్కడ అందరి చూపూ రెండు రాష్ట్రాల పంపకాల మీదే ఉంది.

---

ఇరానీ_చాయ్ | సోమవారం, రాత్రి 10:44

ఇంకోటి మరిచిపోతున్నారు మాస్టారూ. అదే రోజు భారతీయ మహిళా బ్యాంకు కూడా ఎస్‌బీఐలో కలిసిపోయింది. 2013 నవంబర్‌లో వెయ్యి కోట్ల పెట్టుబడితో, ఆడవాళ్ల కోసమని ఆర్భాటంగా పెట్టిన బ్యాంకు. మూడున్నరేళ్లు కూడా బతకలేదు. ఎస్‌బీఐకి తొలి మహిళా ఛైర్మన్ వచ్చిన ఏడాదే పుట్టింది, ఆవిడ హయాంలోనే పోయింది. గ్రూప్ డిస్కషన్‌లో ఈ పాయింట్ వేస్తే ఎదుటి టీం నోరు మూస్తుంది, రాసుకో చెల్లెమ్మా.

---

మలక్‌పేట్_మాధవి | సోమవారం, రాత్రి 11:20

అందరూ విలీనం దగ్గరే ఆగిపోయారు. కెరీర్ అడిగింది కదా అమ్మాయి, అది చెప్పండి ముందు.

నేను ఒక ప్రభుత్వ బ్యాంకులో స్కేల్ త్రీ (ఆఫీసర్ హోదాల్లో మూడో మెట్టు) ఆఫీసర్‌ని. పేరు చెప్పను. బయటివాళ్లు ఛైర్మన్ కుర్చీ చూస్తారు. మేం ఆ కుర్చీకి ముందున్న ట్రాన్స్‌ఫర్లు చూస్తాం. ఆవిడ పుట్టింది కోల్‌కతాలో, పెరిగింది భిలాయ్, బొకారో స్టీల్ టౌన్‌షిప్‌లలో. జాదవ్‌పూర్‌లో ఇంగ్లిష్ చదివారు. కామర్స్ కాదు, ఎంబీఏ కాదు. భర్త ఖరగ్‌పూర్ ఐఐటీలో ప్రొఫెసర్, అంటే ఆయన కదలలేరు. ఈవిడ కదలక తప్పదు. ఖరగ్‌పూర్, లక్నో, న్యూయార్క్, బెంగళూరు సర్కిల్‌కు చీఫ్ జనరల్ మేనేజర్, ఆ తర్వాత ముంబై. కూతురి చదువు పాడవుతోందని ఒక దశలో ఉద్యోగం మానేద్దామనుకున్నానని ఆవిడే ఇంటర్వ్యూలలో చెప్పారు. పై అధికారి ఒకాయన వద్దని నచ్చజెప్పబట్టి ఆగారు.

ఈ ఒక్క వాక్యం మీద ఆగండి కొంచెం. ఆ పై అధికారి ఆ రోజు "సరే అమ్మా, నీ ఇష్టం" అని కాగితం తీసుకుని ఉంటే? ఎన్ని బ్రాంచిల్లో ఎంతమంది మేనేజర్లు అలాగే తీసుకున్నారో మాకు తెలుసు. నాతో చేరిన అమ్మాయిల్లో సగానికి పైగా స్కేల్ టూ దగ్గర ప్రమోషన్ వద్దని రాసిచ్చారు. చదువు లేక కాదు, తెలివి లేక కాదు. ప్రమోషన్ అంటే వేరే జోన్‌కి ట్రాన్స్‌ఫర్. పిల్లవాడు ఆరో తరగతి, అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్, మొగుడు గచ్చిబౌలిలో. నిన్ను గోరఖ్‌పూర్ వెళ్లమంటే ఏం చేస్తావు?

అందుకే ఆమె చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దది విలీనం కాదు, సబాటికల్. పిల్లల కోసమో, మంచం పట్టిన పెద్దవాళ్ల కోసమో ఉద్యోగం వదులుకోకుండా రెండేళ్లదాకా సెలవు తీసుకునే వీలు. జీతం ఉండదు, కానీ కుర్చీ ఉంటుంది. పేపర్లో ఇది నాలుగు లైన్ల వార్త. మా లాంటివాళ్లకు అది మొత్తం పేపరు.

ఛైర్మన్ కాకముందు ఆమె డిప్యూటీ ఎండీగా హెచ్‌ఆర్ చూశారు. ఆ తర్వాత ఎస్‌బీఐ క్యాపిటల్ మార్కెట్స్ నడిపారు, తర్వాత ఎండీ, సీఎఫ్‌వో (ఆర్థిక వ్యవహారాల అధిపతి). ఈ వరస గమనించండి. ఒకే కుర్చీలో ఎదిగిన మనిషి కాదు. జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ, కస్టడీ వ్యాపారం (ఇతరుల షేర్లు, బాండ్లు భద్రపరచడం), ఆస్ట్రేలియా కంపెనీ మాక్వారీతో ఇన్‌ఫ్రా ఫండ్, ఇలాంటివి మొదలుపెట్టే పనుల్లో వేశారు. కొత్త పనుల్లో వేయడం మన దగ్గర ఒక్కోసారి శిక్షే. ఆవిడకు అదే కలిసొచ్చింది.

---

ఉప్పల్_రాజు | మంగళవారం, ఉదయం 7:05

మాధవక్కా, బాగా రాశావు. కానీ సామాన్యుడి వైపు నుంచి కూడా ఒక మాట. 2017 ఏప్రిల్ 1న ఇంకోటి జరిగింది. మినిమమ్ బ్యాలెన్స్ లేకపోతే ఫైన్. ఆ ఫైన్ 2012లో ఎత్తేసిందే. మళ్లీ తెచ్చారు. మెట్రో నగరాల్లో నెల సగటు నిల్వ 5,000 ఉండాలట. గొడవ అయ్యాక అక్టోబర్ నుంచి 3,000 చేశారు. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా అలా వసూలైంది 1,771 కోట్లు! ఆ ఏడాది రెండో త్రైమాసికంలో బ్యాంకు లాభం 1,581 కోట్లు. అంటే లాభం కంటే ఫైనే ఎక్కువ. పేదోడి దగ్గర ఫైన్, విజయ్ మాల్యాకు విమానం. ఇదేనా గొప్ప కెరీర్?

---

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:40

రాజు గారూ, మీ అంకెలు సరిగ్గానే ఉన్నాయి. పార్లమెంటులో కూడా చర్చకు వచ్చినవే. ఎనిమిది నెలల వసూలును మూడు నెలల లాభం పక్కన పెట్టి పోల్చారు, అదొక్కటి గమనించండి. జన్‌ధన్ ఖాతాలకు ఆ ఫైన్ లేదు. కానీ మీ మాటలోని అసలు విషయం మాత్రం నిజం. ఆ నిర్ణయం తప్పు. 2018లో చార్జీలు బాగా తగ్గించారు, 2020 మార్చిలో మినిమమ్ బ్యాలెన్స్ షరతే ఎత్తేశారు. సరైన నిర్ణయమైతే మూడేళ్లలో ఎందుకు వెనక్కి తీసుకుంటారు?

మాల్యా సంగతి వేరు. ఆయన కంపెనీ కింగ్‌ఫిషర్ విమానాలు ఆగింది 2012 అక్టోబర్‌లో. ఆవిడ ఛైర్మన్ అయింది 2013 అక్టోబర్‌లో. ఆ కంపెనీ అప్పులు ఆమె ఇచ్చినవి కావు, ఆమె నెత్తిన పడినవి. కలిసి అప్పిచ్చిన 17 బ్యాంకుల కన్సార్షియంకు (కూటమికి) ఎస్‌బీఐ పెద్ద కాబట్టి వసూలు బాధ్యత ముందు ఇటే వచ్చింది. 2016 మార్చి 2న ఆయన దేశం దాటాడు.

మొండి బకాయిల గురించి ఇంకొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఆమె పదవీకాలాన్ని తూచాల్సింది ఇక్కడే. 2015లో రఘురాం రాజన్ గవర్నర్‌గా ఉండగా రిజర్వ్ బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష పెట్టింది. అప్పటిదాకా బ్యాంకులు ఏం చేసేవంటే, కట్టలేని కంపెనీకి గడువు పెంచడం, కొత్త అప్పు ఇచ్చి పాత వడ్డీ కట్టించుకోవడం. పుస్తకంలో అప్పు మంచిదిగానే కనిపిస్తుంది. రోగం దాచి చొక్కా ఇస్త్రీ చేసినట్టు. సమీక్షతో చొక్కా విప్పక తప్పలేదు. 2017 మార్చి నాటికి ఎస్‌బీఐ స్థూల ఎన్‌పీఏలు (మొండి బకాయిలు) మొత్తం అప్పుల్లో 6.90 శాతం. అనుబంధ బ్యాంకులు కలిశాక జూన్‌కి 9.97 శాతం. ఆమె దిగిపోయిన ఆర్థిక సంవత్సరం 2017-18లో బ్యాంకుకు 6,547 కోట్ల నష్టం.

ఈ అంకెలు చూసి "ఆవిడ ముంచింది" అనేవాళ్లు ఉన్నారు, "ఆవిడ నిజం బయటపెట్టింది" అనేవాళ్లూ ఉన్నారు. నా లెక్క ప్రకారం రెండూ సగం సగం. బయటపెట్టించింది రిజర్వ్ బ్యాంకు. దాన్ని తట్టుకుని బ్యాంకు నిలబడేలా చూసింది ఆమె, ఆ తర్వాత రజనీష్ కుమార్.

---

గన్‌ఫౌండ్రీ_రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 10:15

మాస్టారూ, "అనుబంధ బ్యాంకులు కలిశాక 9.97" అని ఎంత తేలిగ్గా అనేశారు! మా బ్యాంకులన్నీ మొండి బకాయిల మూటలు అన్నట్టుంది. పెద్ద కంపెనీల అప్పుల్లో చాలావాటికి కన్సార్షియం పెద్ద ఎవరు? ఎస్‌బీఐ. వాళ్లు ముందు నడిస్తే వెనక సంతకం పెట్టింది మేము. విలీనానికి ముందు ఏడాది ఎస్‌బీఐ లెక్కకు సరిపడేలా మా ఖాతాలు కూడా సవరించి, ఎన్‌పీఏలుగా చూపించి, ప్రొవిజన్లు (రాని బాకీల కోసం లాభంలోంచి పక్కన పెట్టే డబ్బు) పెట్టించారు. మా బ్యాంకు నష్టం చూపించి వెళ్లిపోయిందని ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు. అది బాధ.

ఇంకో సంగతి న్యాయంగా చెప్పాలి. విలీనంతో మా సిబ్బందికి నష్టమే జరిగిందని కూడా అనను. ఎస్‌బీఐలో పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షన్ మూడూ ఉంటాయి, అనుబంధ బ్యాంకుల్లో అలా కాదు. ఈ తేడా ఎలా సర్దుతారన్నదే అప్పుడు క్యాంటీన్లో పెద్ద చర్చ. ఇష్టం లేనివాళ్లకు వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇచ్చారు. ఎవరినీ బలవంతంగా బయటికి పంపలేదు. దేశంలో అంత పెద్ద బ్యాంకు విలీనం అదివరకు జరగలేదు. దాదాపు 24 వేల బ్రాంచిలు, 37 కోట్ల ఖాతాదారులు. కంప్యూటర్లు ఆగిపోయి జనం రోడ్డు మీదకు వస్తారని మాలో చాలామంది పందాలు కాశారు. అలా జరగలేదు. పని తెలిసిన మనిషి అని ఆ రోజు ఒప్పుకున్నాను. ఇష్టం మాత్రం కలగలేదు.

---

ఇరానీ_చాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:22

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు కూడా పోయింది, యూనియన్ బ్యాంకులో కలిపేశారు. 1923లో పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు, హెడ్డాఫీసు మన సైఫాబాద్‌లో. మూడేళ్లలో హైదరాబాద్ రెండు హెడ్డాఫీసులు పోగొట్టుకుంది. దాని గురించి ఏ మహిళా ఛైర్మన్ మీదా కోపం పెట్టుకోలేదు మనం. ఎందుకంటారు?

---

గన్‌ఫౌండ్రీ_రిటైర్డ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

చాయ్ గారూ, అంటే ఆవిడ ఆడమనిషి కాబట్టి నేను తిడుతున్నానా? నలభై ఏళ్ల సర్వీసులో ఎంతోమంది ఆడపిల్లలకు పని నేర్పాను. అలా మాట్లాడొద్దు.

---

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

విషయం మీదే ఉందాం. వ్యక్తిగత వ్యాఖ్య ఇంకోటి వస్తే థ్రెడ్ లాక్ చేస్తాను.

---

హైటెక్‌సిటీ_వెంకట్ | మంగళవారం, సాయంత్రం 6:48

మీరంతా 2017 దగ్గర ఆపేశారు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, నాకు ఆమె రెండో ఇన్నింగ్స్ ఆసక్తి. రిటైరయ్యాక 2020 ఏప్రిల్‌లో సేల్స్‌ఫోర్స్ ఇండియాకు ఛైర్‌పర్సన్, సీఈవోగా వెళ్లారు. అప్పటికి 64 ఏళ్లు, అదీ కరోనా లాక్‌డౌన్ మధ్యలో. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లో పెద్ద సెంటర్ ఉంది. ప్రభుత్వ బ్యాంకులో 40 ఏళ్లు పనిచేసిన మనిషిని అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎందుకు తీసుకుంటుంది అని అప్పుడు మా ఆఫీసులో ఒకటే జోకులు. నాకు జోక్ అనిపించలేదు. వాళ్ల సరుకు కొనేది బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు. ఆ బల్లకు అటు వైపు నలభై ఏళ్లు కూర్చున్న మనిషి కంటే మంచి సేల్స్ హెడ్ ఎవరు దొరుకుతారు?

పైగా ఆమెకు టెక్నాలజీ కొత్త కాదు. 2014లో డిజిటల్ బ్రాంచిలు, 2015లో బడ్డీ వాలెట్ (ఫోన్లో డబ్బు వేసుకుని చెల్లించే యాప్) ఆమె తెచ్చినవే. ఎస్‌బీఐ యోనో యాప్ 2017 నవంబర్‌లో బయటికొచ్చింది, అంటే ఆమె దిగిపోయిన నెలన్నరకు. పని మొత్తం ఆమె హయాంలోనే మొదలైంది. 2025లో పద్మశ్రీ కూడా ఇచ్చారు.

---

ఉప్పల్_రాజు | మంగళవారం, రాత్రి 8:03

బడ్డీ ఏమైంది అన్నా? ఇప్పుడు ఎవరి ఫోన్లో ఉంది?

---

హైటెక్‌సిటీ_వెంకట్ | మంగళవారం, రాత్రి 8:10

ఎవరి ఫోన్లోనూ లేదు 😄 యూపీఐ వచ్చాక వాలెట్ల పనే అయిపోయింది. బడ్డీ ఒక్కటే కాదు, చాలా పోయాయి.

---

చిక్కడపల్లి_పీవో | మంగళవారం, రాత్రి 9:30

చాలా థాంక్స్ అందరికీ. పెద్దాయన గారూ, మీ పోస్టులు మా బాబాయికి చదివి వినిపించాను. ఫోన్ ఇవ్వమని రెండోసారి తనే చదువుకున్నాడు.

ఒక సందేహం. ఆమె నిజంగా "మొదటి" మహిళేనా? కోచింగ్ మెటీరియల్‌లో ఒక్కో చోట ఒక్కో పేరు ఉంది.

---

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 10:02

దేనికి మొదటి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎస్‌బీఐకి ఆమె మొదటి. ఆర్థిక సంస్థకు మొదటి మహిళ తర్జనీ వకీల్, 1993లో ఎగ్జిమ్ బ్యాంకు (ఎగుమతి దిగుమతులకు అప్పులిచ్చే సంస్థ). ప్రభుత్వ రంగ బ్యాంకుకు మొదటి మహిళ రంజనా కుమార్, 2000లో ఇండియన్ బ్యాంకు. ఆ ఇండియన్ బ్యాంకు అప్పట్లో బలహీన బ్యాంకుల జాబితాలో ఉండేది. దాన్ని గట్టెక్కించి ఆమె నాబార్డుకు వెళ్లారు. పరీక్షలో ఈ రెండు పేర్లూ తికమక పెడతారు, జాగ్రత్త.

2009 నుంచి ఒక అల వచ్చింది. ఐసీఐసీఐలో చందా కొచ్చర్, యాక్సిస్‌లో శిఖా శర్మ. 2012, 13లలో బ్యాంక్ ఆఫ్ ఇండియా, అలహాబాద్ బ్యాంకు, యునైటెడ్ బ్యాంకు, ఆ తర్వాత ఎస్‌బీఐ. ఒక దశలో దేశంలోని బ్యాంకు డబ్బులో పెద్ద భాగం ఆడవాళ్ల సంతకం మీద నడిచింది. వీళ్లలో చాలామంది డెబ్బైలు, ఎనభైల్లో ఉద్యోగంలో చేరినవాళ్లు.

---

మలక్‌పేట్_మాధవి | మంగళవారం, రాత్రి 10:55

ఆ అల తర్వాత ఏమైందో కూడా చెప్పండి మాస్టారూ. ఎస్‌బీఐలో ఆమె తర్వాత రజనీష్ కుమార్, దినేష్ ఖారా, ఇప్పుడు మన గద్వాల వైపు నుంచి వచ్చిన శ్రీనివాసులు శెట్టి గారు. తెలుగాయన అయినందుకు నాకూ సంతోషమే. కానీ రెండో మహిళ ఏది? ప్రభుత్వ బ్యాంకుల్లో మన పద్మజ చుండూరు గారు 2018 నుంచి 2021 దాకా ఇండియన్ బ్యాంకు నడిపి, అలహాబాద్ బ్యాంకు విలీనం చేసి చూపించారు. 2022లో మణిమేఖలై గారు యూనియన్ బ్యాంకుకు వచ్చారు, 2025లో పదవీకాలం అయిపోయింది. ఇలా వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వస్తోంది.

క్లర్కులుగా, స్కేల్ వన్‌లో మేం బోలెడంతమందిమి ఉన్నాం. ఏ బ్రాంచికైనా వెళ్లి చూడండి, కౌంటర్లో సగం మంది ఆడవాళ్లే. పైకి వెళ్లే కొద్దీ కనిపించం. కింద చేరిక పెరిగితే పైన వాటా దానంతటదే పెరుగుతుందని మా ట్రైనింగ్‌లో చెప్పేవారు. అలా జరగలేదు. మధ్యలో కారుతోంది. ఎక్కడ కారుతోందో నిన్న రాశాను, ట్రాన్స్‌ఫర్ దగ్గర. సబాటికల్ ఒక ప్లాస్టర్. మంచి ప్లాస్టరే, కానీ పైపు మార్చాలి. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగులైతే ఒకే చోట వేయాలన్న మార్గదర్శకాలు కాగితం మీద ఉన్నాయి. భర్త ప్రైవేటు ఉద్యోగి అయితే ఆ కాగితం ఎంతవరకు పనిచేస్తుందో మా జోనల్ ఆఫీసు ముందు నిలబడ్డవాళ్లను అడగండి.

అమ్మాయ్, నీకు ఒక సలహా. ఇంటర్వ్యూలో "ట్రాన్స్‌ఫర్‌కి సిద్ధమేనా" అని తప్పకుండా అడుగుతారు. అబ్బాయిని కూడా అడుగుతారు కానీ, అడిగే తీరు వేరు. సిద్ధమేనండీ అని ఒక్క ముక్కలో చెప్పి ఆపెయ్. వివరించబోయావా, పెళ్లి దాకా తీసుకెళ్తారు.

---

ఇరానీ_చాయ్ | బుధవారం, ఉదయం 9:18

మాధవి గారి పోస్టు పిన్ చేయండి ఎవరైనా.

ఇంకో విషయం ఎవరూ ముట్టుకోలేదు. 2017 మార్చిలో ఆమె రైతు రుణమాఫీల మీద మాట్లాడారు. మాఫీలతో తిరిగి కట్టే క్రమశిక్షణ దెబ్బతింటుందని. మహారాష్ట్రలో పెద్ద గొడవైంది, హక్కుల ఉల్లంఘన నోటీసు కూడా ఇచ్చారు. మనకు ఇది దగ్గరి సంగతి. 2014లో తెలంగాణలో లక్ష దాకా, ఆంధ్రలో లక్షన్నర దాకా మాఫీ అన్నారు. తెలంగాణలో విడతలుగా ఇచ్చారు. ప్రభుత్వం డబ్బు వేస్తుందని రైతు కట్టలేదు, ప్రభుత్వం ఆలస్యం చేసింది, బ్యాంకు కొత్త అప్పు ఇవ్వలేదు, రైతు మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయాడు. ఆవిడ మాటలో తప్పు లేదు. కానీ అదే నోటితో కార్పొరేట్ అప్పుల పునర్వ్యవస్థీకరణ గురించి కూడా అంత గట్టిగా మాట్లాడి ఉంటే రాజు లాంటివాళ్లకు కోపం వచ్చేది కాదు.

---

ఉప్పల్_రాజు | బుధవారం, ఉదయం 11:34

హమ్మయ్య, నా మాట ఒకరన్నారు. 2014లో ఆస్ట్రేలియా బొగ్గు గని కోసం అదానీకి వంద కోట్ల డాలర్లు ఇస్తామని ఎంఓయూ (అవగాహన ఒప్పందం) రాసుకున్నది కూడా ఈ హయాంలోనే.

---

లెక్కల_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:10

రాసుకున్నది నిజం. చివరికి ఆ అప్పు ఇవ్వలేదన్నదీ నిజం. రెండోది కూడా రాయాలి కదా రాజు గారూ.

నేను అంతకంటే అడగదలిచిన ప్రశ్న ఒకటి ఉంది. 2017 అక్టోబర్‌లో రిటైరయ్యారు, ఏడాది గడిచాక 2018 అక్టోబర్‌లో రిలయన్స్ బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్‌గా చేరారు. జియో పేమెంట్స్ బ్యాంకులో అప్పట్లో రిలయన్స్‌తో పాటు ఎస్‌బీఐకి 30 శాతం వాటా ఉండేది, ఆ ఒప్పందం ఆమె కాలంలోదే. ఏడాది ఆగాలన్న నిబంధన పాటించారు, కాబట్టి తప్పు అనను. కానీ దేశంలో అతిపెద్ద బ్యాంకు ఛైర్మన్‌కు ఏడాది విరామం సరిపోతుందా? ఇది ఆమె ఒక్కరి గురించి కాదు, ఆ కుర్చీలో కూర్చున్న మగవాళ్లందరికీ కూడా.

---

హైటెక్‌సిటీ_వెంకట్ | బుధవారం, మధ్యాహ్నం 12:41

మాస్టారూ, 2016-17లో ఎస్‌బీఐ ఛైర్మన్‌గా ఆమె జీతం దాదాపు 29 లక్షలు. ఏడాదికి! ఆమెకంటే చాలా చిన్న ప్రైవేటు బ్యాంకుల సీఈవోలకు కోట్లలో ఇస్తున్నారు. మా కంపెనీలో పదేళ్ల అనుభవం ఉన్న కుర్రాడికి ఆ జీతం వస్తుంది. అంత తక్కువ ఇచ్చి అంత పెద్ద బ్యాంకు నడిపించుకుని, రిటైరయ్యాక ఎక్కడ చేరుతున్నావు అని అడగడం న్యాయమేనా?

---

లెక్కల_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:58

అడగాల్సిందే. అందుకే జీతం పెంచి మూడేళ్లు ఆగమనండి అంటున్నాను.

---

ఉప్పల్_రాజు | బుధవారం, మధ్యాహ్నం 1:03

పెంచండి. మినిమమ్ బ్యాలెన్స్ ఫైన్ల నుంచి మాత్రం కాదు.

---

గన్‌ఫౌండ్రీ_రిటైర్డ్ | బుధవారం, మధ్యాహ్నం 3:27

వెంకట్ గారూ, ఆ 29 లక్షలు మాకు తక్కువగా ఎప్పుడూ అనిపించలేదు. బంగళా, కారు, హోదా వేరే. మీ కుర్రాడికి అవి ఇస్తారా? మాస్టారి మాటకు నా ఓటు, మూడేళ్లు ఆగాల్సిందే. చిక్కడపల్లి అమ్మాయ్, డిస్కషన్ ఎప్పుడో చెప్పు. దానికి ముందు నీ సందేహాలు ఏమన్నా ఉంటే ఇక్కడే రాయి, రోజూ మధ్యాహ్నం చూస్తాను.